చక్రం మూతలు ఆపుకునే అక్క

పొద్దున్నే షట్టరు ఎత్తకముందే పానా అక్క వీధి ఊడ్చేది. చీపురుతో కాదు, అయస్కాంతంతో. పాడైపోయిన స్పీకరులోంచి పీకిన గుండ్రటి అయస్కాంతాన్ని ఓ పొడుగాటి కర్రకు తీగతో బిగించి, నేలకు అంగుళం ఎత్తున అటూ ఇటూ ఆడిస్తూ తన షెడ్డు గుమ్మం నుంచి బడి గేటు దాకా నడిచేది. మేకులూ, తెగిన తీగముక్కలూ, స్క్రూలూ టక్కుటక్కుమని వచ్చి అతుక్కునేవి. ప్రతి మేకుకీ ఒక తిట్టు ఉండేది.

“ఏ దరిద్రుడు పారేశాడో! వాడి కాల్లోనే దిగాలి!” అనేది. రెండడుగులు వేశాక, “వద్దులే, ఎవడి కాల్లోనూ వద్దు” అని సర్దుకుని మేకును డబ్బాలో పడేసేది.

ఆ దారిన పిల్లలు సైకిళ్ళ మీద బడికి పోతారు. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. ఎవరైనా అడిగితే, “నా షెడ్డుకొచ్చే బళ్ళ టైర్లు పంక్చరవకూడదని, ఇంకెందుకు?” అని కసిరేది. షెడ్డు వీధి మొదట్లో ఉంటే, బడి గేటు వీధి చివర ఉంది. అంతదూరం ఎందుకు పోతుందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

నేను ఆ పక్క గదిలో బళ్ళ సీట్లకు తొడుగులు కుడతాను. మా ఇద్దరికీ నడుమ ఒక్క ఇటుక గోడ. పంతొమ్మిదేళ్ళు ఆమె తిట్లు వింటూనే కుట్టాను. నేను దేవుణ్ణి తలుచుకుని మిషను మీద కాలు పెట్టే వేళకే అవతల ఆమె ఏ తుప్పుపట్టిన బోల్టునో నానా మాటలూ అంటూ ఉండేది. మొదట్లో చెవులు మూసుకునేదాన్ని. కొన్నాళ్ళకు ఆ గొంతు వినపడకపోతే దారం తెగినట్టుండేది. ఒకసారి నాకు కన్ను వాచి సూదిలో దారం ఎక్కక అవస్థ పడుతుంటే, తన షెడ్డులోని పెద్ద దీపం ఊడదీసి తెచ్చి నా మిషను నెత్తిన బిగించింది. “గుడ్డిదానివై నా నెత్తిన కూర్చుంటావా?” అని తిడుతూనే బిగించింది. ఆ దీపం మళ్ళీ అడగలేదు.

షెడ్డు ఆమె భర్తది. కొండదారుల్లో, అడవిబాటల్లో నడిచే జీపుల్లాంటి బళ్ళకు సామాను బిగించడంలో ఆయన చెయ్యి పేరు పడ్డది. ఈమె పధ్నాలుగేళ్ళు ఆయనకు పానాలు అందిస్తూ, ఆయన చేతి కదలికలు చూస్తూ పని పట్టేసింది. ఆయన గుండెపోటుతో పోయాక నెల తిరక్కుండా షట్టరు ఎత్తింది. వచ్చినవాళ్ళు లోపలికి తొంగిచూసి, “మేస్త్రీ ఎవరూ లేరా అమ్మా?” అనేవారు. “నీ కళ్ళకు నేను మేస్త్రీలా కనబడట్లేదా, దోమలా కనబడుతున్నానా?” అని ఒంటికాలి మీద లేచేది. సగంమంది అక్కడినుంచే వెనక్కి తిరిగేవారు. మిగతా సగంమంది ఉండిపోయారు. వాళ్ళతోనే షెడ్డు నడిచింది.

కొత్త బండి ఏది వచ్చినా ఆమె మొదటి ప్రశ్న ఒక్కటే. “ముందు దారి చెప్పు. తరవాత సామాను చెబుతా.” బురదదారికి ఒక టైరు, రాళ్ళదారికి ఇంకో టైరు. వాగు దాటాలంటే ఒక ఏర్పాటు, దాటక్కర్లేకపోతే అది దండగ. దారి చెప్పకుండా ఫోనులో బొమ్మ చూపించి “ఇలా కావాలి” అన్నవాణ్ణి కడిగిపారేసేది.

ఇంకో పద్ధతి ఉంది ఆమెకు. కొత్త చక్రాలు బిగించినప్పుడు నట్లు ఎంత గట్టిగా బిగించినా, బండి యాభై అరవై కిలోమీటర్లు తిరిగాక చక్రం తన చోటులో సర్దుకుంటుంది. అప్పుడు నట్లు కాస్త వదులవుతాయి. మళ్ళీ ఒకసారి బిగించాలి. ఆ మాట ఎందరికి చెప్పినా తలూపి పోయేవారే తప్ప తిరిగి వచ్చేవారు కాదు. అందుకని చెప్పడం మానేసింది. చక్రాల నడుమ బిగించే మెరిసే మూతలు నాలుగూ తన దగ్గరే ఆపుకోవడం మొదలుపెట్టింది. గోడ మీది మేకుకు తగిలించి, “రేపు వచ్చి పట్టుకుపో” అనేది. మూతల్లేని చక్రాలు పళ్ళూడిన నోళ్ళలా కనబడతాయి. కొత్త బండి మోజులో ఉన్నవాడు అది ఓర్చుకోలేడు, మర్నాడే పరిగెత్తుకొస్తాడు. అప్పుడు నట్లు బిగించి మూతలిచ్చేది. “నట్ల కోసం ఎవడొస్తాడు చెల్లీ? సోకు కోసం వస్తాడు” అనేది నాతో. ఎందుకు ఆపుతుందో బళ్ళవాళ్ళకు తెలియదు, పిచ్చి పట్టుదల అనుకునేవారు. ఆమెను నోరుగల మనిషి అని నవ్వుకుంటూ పోయిన వాళ్ళను చూస్తే, కోపం నాకు చేతకాని పనే అయినా, నాకే వచ్చేది. వాళ్ళ ప్రాణాలకు కాపలా కాసేది ఆ నోరే.

ఆమె తమ్ముడు కొత్త బండి కొన్నాడు. అక్కడ మొదలైంది.

తమ్ముడు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. నలభై దాటిన మనిషి, అయినా ఆమెకు ఇంకా చిన్నోడే. వాళ్ళమ్మ పోయేనాటికి వాడికి మూడేళ్ళు. ఈమె చంకనేసుకుని పెంచింది. పగలంతా చీకటిగదిలో ఎముకల బొమ్మలు చూస్తూ గడిపే మనిషికి కొండలెక్కాలని పన్నెండేళ్ళ కోరిక. పెళ్ళాన్నీ, పదకొండేళ్ళ కూతుర్నీ ఎక్కించుకుని, శనివారమే బయల్దేరి రాత్రికి కొండ కింద ఉండి, ఆదివారం తెల్లవారగానే తోటి బళ్ళతో కలిసి కొండదారి ఎక్కుతానని నిశ్చయించుకున్నాడు. ఒక పక్క లోయ ఉన్న దారి. పదమూడు మలుపులు, రెండు వాగులు.

దారి విని అక్క ఐదు రోజులు ఆ బండి కింద పడుకుంది. ఇంజను కింద ఇనపపలక బిగించింది. ముందొకటీ వెనకొకటీ లాగుడు కొక్కేలు బిగించింది. టైర్లలో గాలి ఎంత తగ్గిస్తే రాళ్ళ మీద పట్టు దొరుకుతుందో, కిందికొచ్చాక ఎంత కొట్టాలో నేర్పింది. వాడేమో ఫోను తీసి బండి నెత్తిన లైట్ల వరస చూపించేవాడు.

“ఎవరికి చూపిస్తావురా ఆ లైట్లు? ఎలుగుబంట్లకా?”

“అందరూ పెట్టుకుంటున్నారక్కా.”

“మనుషుల్లో ఎముకలు చూసే ఉద్యోగమే కదరా నీది! బండి ఎముకలు నీకక్కర్లేదా?”

అలా అంటూనే, వెనక సీటు పక్కన పట్టుకునే పిడిని రెండు వేళ్ళ కిందికి దించి బిగించింది. మేనకోడలి చెయ్యి అందాలని. ఆ పిడికి తొడుగు నాచేతే కుట్టించింది. “గరుగ్గా ఉండకూడదు” అని మూడుసార్లు విప్పించింది.

శుక్రవారం మధ్యాహ్నం “ఇప్పుడే వస్తా” అని తమ్ముడు బండి తీసుకుపోయాడు. శనివారం పొద్దున తెచ్చాడు. నెత్తిన ఇనప క్యారియరు, దాని ముందు లైట్ల వరస, క్యారియరు మీద అదనపు చక్రం, డీజిలు క్యాన్లు, రెండు ఇనపపెట్టెలు, పక్కన తలుపు నిండా గాండ్రించే పులి స్టిక్కరు. అన్నీ అద్దాల కొట్టువే. పెద్దరోడ్డు మీద అద్దాలు బిగించిన ఆ కొట్టు యజమానే ఆదివారాల్లో బళ్ళ జట్టును కొండకు నడిపిస్తాడు. ఈమె అతన్ని ‘స్టిక్కర్ల సారు’ అంటుంది, వీధి వీధంతా వినపడేలా.

బండి చూడగానే అక్క తిట్టలేదు. నాకు అప్పుడే భయం వేసింది. జాకీ ఎత్తి, కొత్త చక్రాలు నాలుగూ తొడిగి, బండి దించి, క్లిక్కుమనే పొడుగు పానాతో నట్లన్నీ బిగించింది. బండి తిప్పుకుని, బయల్దేరేముందు వాటికోసం మళ్ళీ వస్తాడని మూతలు మేకుకు తగిలించింది. అప్పుడు తలెత్తింది.

“పైనున్నవన్నీ దింపు.”

“ఎందుకు?”

“నెత్తిన అంత బరువుంటే పక్కకు వాలిన దారిలో బండి పొర్లిపోతుంది. పెట్టెలు లోపల, సీట్ల వెనక, నేలకు ఆనించి కట్టు. దింపితేనే బండి తాళం ఇస్తా.”

“అక్కా, అతను పన్నెండేళ్ళుగా కొండలు తిరుగుతున్నాడు. అతనికి తెలియదా?”

“అతనికి అమ్మడం తెలుసు!”

“నీకేం తెలుసు? నువ్వొక్కసారైనా ఎక్కావా ఆ కొండ?”

“ఎక్కి దొర్లినవాళ్ళ బళ్ళు బాగుచేశానురా నేను! ఒక్కో బండిలో నెత్తురు కడిగాను!”

మరదలు ముందుసీటులోంచి, “వదినా, మీరు కోప్పడకండి. దింపిస్తాను, నాకొదిలేయండి” అని బతిమాలుతూనే ఉంది. ఇద్దరూ ఆమె మాట వినే స్థితిలో లేరు. తమ్ముడి మొహం కందగడ్డలా అయింది. అప్పుడన్నాడు ఆ మాట.

“బావ ఉన్నన్నాళ్ళూ పానాలు అందించావు. అంతే. అది పని తెలిసినట్టు కాదు.”

నేను తొడుగులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆమె చేతిలో పొడుగు పానా మెల్లగా కిందికి దిగింది. ఒక్క క్షణం ఆమె ఆడపడుచులా లేదు, అక్కలా లేదు, మేస్త్రీలా లేదు. తిట్లు తిన్న చిన్నపిల్లలా ఉంది. మరుక్షణం తాళం తీసి వాడి ఛాతీ మీదికి విసిరింది. గోడ దగ్గరికి పోయి మూతలు లాగి ఒక్కొక్కటే వాడి కాళ్ళ ముందు కొట్టింది.

“ఇంద! నీ సోకు నువ్వే పట్టుకుపో! ఇంద! ఇంకోటి! నీ నెత్తిన పెట్టుకో! మళ్ళీ ఈ గుమ్మం ఎక్కావంటే కాళ్ళిరగ్గొడతా!”

వాడు పళ్ళు నూరుతూ నాలుగూ ఏరుకుని, అరచేత్తో గుద్ది చక్రాలకు బిగించుకున్నాడు. బండి దుమ్ము లేపుకుంటూ పోయింది. వెనక అద్దంలోంచి చిన్నపిల్ల చెయ్యి ఊపింది. అక్క చూడలేదు.

మధ్యాహ్నం దాకా ఆమె ఒక రేకును సుత్తితో కొడుతూనే ఉంది. ఆ రేకుకు అన్ని దెబ్బలు అక్కర్లేదు. నేను అన్నం డబ్బా తీసుకెళ్తే, “ఆకలి లేదు, పో” అంది. రెండు గంటలప్పుడు ఎవరిదో బండి చక్రాలు తొడిగి, దాని మూతలు తగిలించడానికి గోడ దగ్గరికి పోయింది. అక్కడే నిలబడిపోయింది. మేకు ఖాళీగా ఉంది.

“చెల్లీ!” అని అరిచింది. అంత గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. “మూతలిచ్చేశానే! వాడింక రాడే!”

ఆ నట్ల సంగతి తమ్ముడికి చెప్పనే లేదు. ఎవరికీ చెప్పడం ఎప్పుడో మానేసింది కదా. కొండ కిందికి నూటపది కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికే నట్లు వదులవుతాయి. తెల్లవారి ఆ రాళ్ళ మీద, ఆ లోయ పక్కన, పిల్లను వెనక సీట్లో పెట్టుకుని ఎక్కుతాడు.

ఫోను చేసింది. వాడు ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఐదోసారి ఎత్తాడు.

“ఒరేయ్ గాడిదా, ఆ చక్రాలు…”

“మళ్ళీ తిట్టడానికేనా?” అన్నాడు వాడు. ఫోను ఆగిపోయింది.

ఆమె ఫోను వంక చూసింది. “ముందు తిట్టాను” అంది. “చూశావా? విషయం చెప్పడం మానేసి ముందు తిట్టాను.” తన నోటి మీద తనే చరుచుకుంది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. నా ఫోను నుంచి తమ్ముడికీ, మరదలికీ మార్చి మార్చి చేశాం. రెండూ మోగలేదు. కొండప్రాంతం దగ్గరపడితే అక్కడ సిగ్నలు ఉండదని అందరికీ తెలిసిందే.

“స్కూటరు తియ్యి” అన్నాను. “ఇద్దరం పోదాం. చీకటి పడేలోపు చేరతాం.”

“చేరి? నన్ను చూడగానే వాడు నలుగురిలో రెచ్చిపోతాడు. చక్రం మీద చెయ్యి వెయ్యనిస్తాడా? వాడి పంతం నాకు తెలీదా, నా చేతుల్లో పెరిగిన పంతం!” కోపంగానే అంది. ఆ కోపం ఎవరి మీదో నేను అడగలేదు. పొడుగు పానాను దాని పెట్టెలోంచి తీసింది. ఆ పానాను పంతొమ్మిదేళ్ళలో ఇంకో చేతికి ఇవ్వలేదు. ఒకసారి నేను పక్కకు జరిపితేనే రెండు రోజులు మాట్లాడలేదు. దాన్ని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని నడిచింది. నేను వెంట పరిగెత్తాను.

అద్దాల కొట్టు ముందు యజమాని బండి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. అతను తాడు బిగిస్తున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఆపాడు.

“ఏంటి పానా అక్కా, దారి తప్పారా? స్టిక్కరు కావాలా?”

“నెత్తిన అంత బరువు ఎలా పెట్టనిచ్చావయ్యా వాణ్ణి? బుద్ధుండక్కర్లా?” అని మొదలుపెట్టింది. నేను మోచెయ్యి గిల్లాను.

అతని మొహం మాడింది. “క్యారియరు నేనే అమ్మాను, కాదనను. పెట్టెలు పైన కట్టొద్దని రెండుసార్లు చెప్పాను. ‘మా అక్కలా నువ్వూ మొదలెట్టావా’ అన్నాడు. అడగండి కావాలంటే. వీధిలో నిలబడి నన్ను దులిపేయడం మీకు అలవాటే, కానీ ఇది మాత్రం నా మీద వెయ్యకండి.”

అతను లోపలికి పోయి ఒక స్టూలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తిట్టించుకున్న మనిషి స్టూలు తెచ్చి వేయడం నాకు బాగా గుర్తుండిపోయింది. ఆమె కూర్చోలేదు. గుడ్డ విప్పి పానా బయటికి తీసింది.

“ఎంత బలానికి బిగించాలో అక్కడికి తిప్పి పెట్టాను. పిడి మీద అంకె కదపకూడదు. క్లిక్కుమనగానే ఆపాలి, ఇంకోసారి లాగకూడదు. పక్కపక్క నట్లు కాదు, ఎదురెదురు నట్లు బిగించాలి. నాలుగు చక్రాలూ. రేపు తెల్లారి బళ్ళు కదలకముందే.”

అతనికి ఒక్క క్షణం పట్టింది. తరవాత కళ్ళు పెద్దవయ్యాయి. “కొత్త చక్రాలు… ఇవాళ బిగించినవా? మూతలిచ్చేశారా?”

“ఇచ్చేశాను.”

ఆమె మూతలు ఎందుకు ఆపుతుందో అతనికి తెలుసన్నమాట. నాకు ఆశ్చర్యమేసింది. అతను దెప్పలేదు. దెప్పినా ఆ రోజు ఆమె పడేదే.

“మీరే రండి, బండిలో చోటుంది” అన్నాడు. “మీ చేత్తోనే బిగించండి.”

“వస్తే వాడు బిగించనివ్వడు.”

“పోనీ, మీరు పంపారని చెబుతా.”

“వద్దు!” అని అరిచింది. రోడ్డు మీద పోయేవాళ్ళు తిరిగి చూశారు. ఆమె మొహం ఇంకా ఎర్రగానే ఉంది. దవడ బిగుసుకునే ఉంది. పానాను రెండు చేతులతో అతని చేతుల్లో పెట్టింది. అప్పుడు, పన్నెండేళ్ళలో మొదటిసారి, అతన్ని ‘మీరు’ అంది.

“మీ కొట్టు పద్ధతని చెప్పండి. జట్టులో కొత్త బండి ఉంటే కొండ కింద నట్లు బిగించడం మీ ఆనవాయితీ అని చెప్పండి. పెట్టెలు కూడా మీరే దింపించండి, మీ మాటగా. నా పేరు ఎత్తకండి. నేను చెప్పిందేదీ వాడికి ఎక్కదు. మీరు చెబితే వింటాడు. ఈ ఒక్కటీ చేసిపెట్టండి.”

అతను అంకె కదలకుండా పానాను మళ్ళీ గుడ్డలో చుట్టి, బండిలో తన సీటు పక్కన పెట్టుకున్నాడు.